కుక్క కరిచాక వేసే టీకా ఎలా పనిచేస్తుంది? చంకలో ఆ బిళ్ళ ఏమిటి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. తణుకు దగ్గర ఒక ఊళ్ళో ఆరేళ్ళ బాబును వీధికుక్క పిక్క మీద కరిచింది, రక్తం వచ్చింది. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళితే గాయం చుట్టూ ఒక మందు పొడిచారు, రెండు చేతులకూ చిన్న ఇంజెక్షన్లు వేశారు. మూడో రోజు డోసు కూడా అయింది. ఇవాళ ఆరో రోజు, బాబు చంకలో చింతగింజంత బిళ్ళ తగులుతోంది. తల్లి అడుగుతున్నవి ఇవి: టీకాలు జబ్బు రాకముందు వేస్తారు కదా, కరిచాక వేస్తే ఏం లాభం? మన ఒళ్ళు బయటి క్రిముల్ని తనంతట తానే గుర్తుపడుతుందంటారు, మరి రేబిస్‌ను ఎందుకు పట్టదు? బిళ్ళ ప్రమాదమా? బాబుకు ఇమ్యూనిటీ పెరగడానికి ఏదైనా పొడి పట్టించాలా?

అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను. బిళ్ళ ప్రమాదం కాదు, టీకా పని మొదలైందనడానికి గుర్తు. కరిచాక వేసినా టీకా పనిచేస్తుంది. రేబిస్ వైరస్ నిదానంగా నడుస్తుంది, మన శరీరం అంతకంటే త్వరగా నేర్చుకోగలదు, ఎవరైనా దానికి వైరస్‌ను సరిగ్గా చూపిస్తే. ఒంట్లో శక్తి లేక గుర్తుపట్టకపోవడం కాదిది, కబురు అందకపోవడం. పొడులేమీ అక్కర్లేదు.

ఇక వివరంగా. నేను గోదావరి జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో 26 ఏళ్ళు పనిచేశాను. అందులో సగం కాలం కుక్కకాటు ఓపీ నా నెత్తినే ఉండేది. ఎవరూ అడిగి తీసుకునే డ్యూటీ కాదది.

మామూలు క్రిమి విషయంలో ఏం జరుగుతుందో ముందు చూడండి. చేలగట్టు మీద నడుస్తుంటే కాల్లో తుమ్మముల్లు దిగిందనుకోండి. ముల్లుతో పాటు బాక్టీరియా లోపలికి పోతుంది. చర్మం కింద కాపలా ఉండే కణాల మీద గ్రాహకాలుంటాయి, తగిలినవాటిని తడిమి గుర్తుపట్టే భాగాలు. వాటికి వచ్చినవాడి పేరూ తెలియదు, ఊరూ తెలియదు. బాక్టీరియా గోడల్లోని పదార్థాలు, వైరస్‌ల ఆర్ఎన్ఏ లాంటివి, మన ఒంట్లో ఆ రూపంలో ఉండకూడనివి తగిలితే చాలు, గొడవ మొదలుపెడతాయి. రక్తనాళాలు వదులవుతాయి, తెల్లకణాలు మూగుతాయి, మర్నాటికి ఎర్రగా వాచి సలుపుతుంది. ఆ తర్వాత కారే చీములో ఎక్కువ భాగం పోరాడి చచ్చిన మన తెల్లకణాలే. వాపు చూసి జబ్బు ముదిరిందని భయపడతాం గానీ చాలాసార్లు అది కబురు అందినట్టు ఒళ్ళు ఇచ్చే రసీదు.

ఆ గొడవ జరిగేచోటే ఇంకో రకం కణాలుంటాయి, డెండ్రైటిక్ కణాలు. కొమ్మలు కొమ్మలుగా చేతులు చాపి ఉంటాయి. చర్మంలో వీటిని మొదట చూసింది పాల్ లాంగర్‌హాన్స్ అనే 21 ఏళ్ళ వైద్య విద్యార్థి, 1868లో, బెర్లిన్‌లో. ఆ కొమ్మలు చూసి నరాలకు చెందిన కణాలనుకున్నాడు. ఈ జాతి కణాల అసలు పని తేలడానికి వందేళ్ళు పట్టింది. 1973లో రాల్ఫ్ స్టైన్‌మన్ ఎలుకల ప్లీహంలో వీటిని గుర్తించి, జీవితమంతా వీటి వెంటే పడ్డాడు. 2011లో ఆయనకు నోబెల్ ప్రకటించారు. తీరా చూస్తే మూడు రోజుల ముందే ఆయన కన్నుమూశాడు, కమిటీకి తెలియదు. చనిపోయినవాళ్ళకు నోబెల్ ఇవ్వరు, కానీ దాన్ని వెనక్కి తీసుకోలేదు.

డెండ్రైటిక్ కణం చేసేది మోత పని. క్రిమిని మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని తన ఒంటిమీద తగిలించుకుని, లింఫు నాళాల వెంట దగ్గర్లో ఉన్న గ్రంథికి వెళ్తుంది. కాల్లో ముల్లు దిగితే గజ్జల్లో బిళ్ళ కట్టేది అందుకే. చేతికైతే చంకలో. ఇప్పుడు మీ బాబు సంగతి చూడండి. కుక్క కరిచింది పిక్క మీద, బిళ్ళ కట్టింది చంకలో. అంటే అది కాటుకు కట్టిన బిళ్ళ కాదు, చేతికి వేసిన టీకాకు కట్టింది. మీరు భయపడుతున్న ఆ చింతగింజ నాకు మంచి కబురు.

ఆ బిళ్ళలో ఏం జరుగుతోంది? శరీరం క్రిమిని చూసి, దానికి తగ్గ ఆయుధం అప్పటికప్పుడు చేసుకుంటుందని చాలామంది అనుకుంటారు, కొలత తీసుకుని చొక్కా కుట్టే టైలర్‌లాగ. మెడికల్ కాలేజీలో చేరేదాకా నేనూ అలాగే అనుకున్నాను. ఒళ్ళు నడిపేది టైలర్ దుకాణం కాదు, రెడీమేడ్ కొట్టు. తెల్లకణాల్లో టీ, బీ అని రెండు రకాలున్నాయి; ఈ టీ కణాలూ బీ కణాలూ పుట్టేటప్పుడే తమ గ్రాహకాల జన్యువుల్ని ముక్కలు చేసి, రకరకాలుగా అతికించి, కోట్ల సైజులు కుట్టి పెట్టుకుంటాయి. ఒక్కో కణానికి ఒక్కటే సైజు. ఎవరొస్తారో తెలియదు, ఎప్పటికీ ఎవరూ రాకపోవచ్చు కూడా. ఈ అతుకుల సంగతి కనిపెట్టినందుకే సుసుము టొనెగావాకు 1987లో నోబెల్ వచ్చింది. మన సొంత కణాలకు అతుక్కునే సైజుల్ని చాలావరకు ముందే ఏరి పారేస్తుంది శరీరం. చాలావరకు అన్నాను, అన్నిటినీ అనలేదు. ఆ తేడా ఎంత పని చేస్తుందో కింద చెబుతాను.

చిక్కేమిటంటే, ఫలానా క్రిమికి సరిపోయే కణం లక్షకో పది లక్షలకో ఒకటి ఉంటుంది. దాన్ని ఒళ్ళంతా వెతుక్కుంటూ పోతే పని కాదు. అందుకే డెండ్రైటిక్ కణం సరుకు పట్టుకుని గ్రంథిలో నిలబడుతుంది, టీ కణాలు ఒక్కొక్కటీ వచ్చి ఒరుసుకుంటూ పోతాయి, సంత రోజున కొట్టు ముందు జనంలా. సరిపోయిన కణం ఆగుతుంది, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై వేలల్లో పెరుగుతుంది. దాని ఊతంతో బీ కణాలు యాంటీబాడీలు, అంటే క్రిమిని పట్టుకుని ఆపే ప్రొటీన్లు, తయారుచేయడం మొదలుపెడతాయి. మొదటి విడతవి కాస్త వదులుగా ఉంటాయి, రెండో వారంలో ఆల్టరేషన్ జరిగి బిగుతుగా పట్టేవి దిగుతాయి. చిక్కుడు గింజంత గ్రంథిలో ఇంత హడావిడి జరిగితే ఉబ్బదా మరి?

దీనికంతటికీ పట్టే కాలం 7 నుంచి 14 రోజులు. కుక్కకాటు వైద్యమంతా ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు రేబిస్ దగ్గరికొద్దాం. దీనికి ఉన్నవి ఐదే ఐదు ప్రొటీన్లు. చొంగతో పాటు చాలా కొద్దిపాటి వైరస్ కండలో పడుతుంది. అంత కొద్ది సరుకుకు డెండ్రైటిక్ కణాలు పెద్దగా కదలవు. పోనీ అది కండను చీల్చి, కణాల్ని పగలగొట్టి గోల చేస్తుందా అంటే అదీ లేదు. లోపలికి దూరిన కణంలో ప్రమాద ఘంట కొట్టేది ఇంటర్‌ఫెరాన్. వైరస్‌లోని పీ అనే ప్రొటీన్ ఆ ఘంట నాలుకను పట్టుకుని ఆపేస్తుంది. రక్తంలో తిరగదు కాబట్టి అక్కడ కాపలా కాసేవాళ్ళకూ కనబడదు. కండలో కొన్నాళ్ళు నక్కి ఉండి, కండా నరమూ కలిసేచోట నరంలోకి ఎక్కుతుంది. ఇక యాంటీబాడీలు దాన్ని అందుకోవడం కష్టం. అక్కణ్ణించి రోజుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున వెన్నుపాము వైపు, మెదడు వైపు పోతుంది.

సాధారణంగా కాటుకూ జబ్బుకూ మధ్య నెల నుంచి మూడు నెలలు పడుతుంది. ముఖం మీదో, తల మీదో, నరాలు దట్టంగా ఉండే చేతివేళ్ళ మీదో కరిస్తే ఇంకా తొందరగా రావచ్చు. టీకా పడని మనిషిలో సొంత యాంటీబాడీలు కనిపించేది మామూలుగా జబ్బు బయటపడ్డాక, అదీ చాలామందిలో వారం గడిచాక. అప్పటికి మెదడులో పని అయిపోయి ఉంటుంది. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత ఏ జబ్బుకూ ఇంత అతికినట్టు సరిపోదు.

కాబట్టి మనం చేయాల్సింది ఆ 7 నుంచి 14 రోజుల సమయాన్ని సంపాదించడం, ఈలోపు కబురు చేరవేయడం. మీ బాబుకు చేసినవన్నీ ఈ రెండిట్లో ఏదో ఒకదాని కోసమే.

మొదటిది సబ్బు. మీరు ఇంట్లో కడిగారో లేదో రాయలేదు. ఈ వైరస్ పైపొర కొవ్వు పొర, సబ్బుకు విచ్చిపోతుంది. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి 15 నిమిషాలు కడిగినవాళ్ళను నా సర్వీసు మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కారం, సున్నం, కాఫీపొడి, ఆకు పసరు పూసుకొచ్చేవాళ్ళే ఎక్కువ. అవన్నీ కడగడానికే మా నర్సమ్మలకు సగం పూట పట్టేది. పైగా కారం గాయాన్ని ఇంకా రేపుతుంది.

రెండోది గాయంలో పొడిచిన మందు. దాని పేరు ఇమ్యునోగ్లోబ్యులిన్, ఓపీలో మేం సీరం అంటాం. అది టీకా కాదు, ఇంకొకరి ఒంట్లో తయారైన యాంటీబాడీలు. మన సొంతవి వచ్చేదాకా అప్పు తెచ్చుకున్నవి. వైరస్ ఇంకా గాయంలో, కండలో ఉండగానే దాన్ని చుట్టుముట్టి నరంలోకి ఎక్కకుండా చేస్తాయి. అందుకే చేతికో తొడకో వేసి ఊరుకోరు, గాయం లోపలా చుట్టూరా వీలైనంత మేర ఎక్కిస్తారు. బిడ్డ గిలగిల్లాడతాడు, తల్లులు చూడలేరు. కానీ ఆ పోట్లు తప్పవు.

మీ అత్తగారు "గుర్రం రక్తం ఎక్కించారు" అన్నారని రాశారు. పూర్తిగా తప్పేం కాదు. గుర్రాలకు రేబిస్ టీకాలు వేసి, వాటి రక్తం నుంచి యాంటీబాడీలను వేరుచేసి శుద్ధి చేస్తారు. ఒకరి యాంటీబాడీలు ఇంకొకరిని కాపాడతాయని 1890లో బేరింగ్, కిటసాటో అనే శాస్త్రవేత్తలు డిఫ్తీరియా, ధనుర్వాతం మీద చూపించిన దారే ఇది. గుర్రానివైతే కిలోకు 40 యూనిట్లు, మనుషులవైతే 20. మీ బాబు 18 కిలోలు ఉంటే గుర్రం సీరం 720 యూనిట్లు. ఎక్కువ వేస్తే ఎక్కువ రక్షణ కదా అని అడుగుతారు. కాదు. అరువు యాంటీబాడీలు మరీ ఎక్కువైతే టీకాలోని సరుకును కూడా అవే పట్టేసుకుంటాయి, మన ఒళ్ళు నేర్చుకునేది తగ్గిపోతుంది. మొదటి టీకా పడి 7 రోజులు దాటాక సీరం వేయకపోవడానికీ ఇదే కారణం. అప్పటికి సొంతవి మొదలై ఉంటాయి.

ఒక జాగ్రత్త. గుర్రం ప్రొటీన్ కూడా మన ఒంటికి పరాయిదే, గుర్తుపట్టి తిరగబడుతుంది. వేసిన వారం పది రోజులకు ఒంటిమీద దద్దుర్లు, కీళ్ళ నొప్పులు, జ్వరం రావచ్చు. ఇప్పటి శుద్ధి చేసిన సీరంతో అరుదు, వచ్చినా మందులకు తగ్గుతుంది. వస్తే ఆసుపత్రిలో చూపించండి, టీకా మాత్రం మానకండి.

సీరం లేదని టీకా ఒక్కటే వేసి పంపేసే చోట్లు ఇంకా ఉన్నాయి. ఒకసారి ఎనిమిదేళ్ళ పాపను తెచ్చారు, పెదవి మీద కాటు. ముందురోజు వేరే ఆసుపత్రిలో టీకా వేసి "సరిపోతుంది, వెళ్ళండి" అన్నారట. ముఖం మీద కాటుకు మెదడు ఎంత దూరం? ముందెప్పుడూ ఈ టీకా పడనివాళ్ళకు రక్తం వచ్చిన ఏ కాటుకైనా సీరం, టీకా రెండూ కావాలి. అదృష్టం, ఏడు రోజుల గడువు దాటలేదు. మేం వేశాం. ఆ పాపకు ఇప్పుడు పెళ్ళయింది.

మూడోది టీకా. చంపేసిన వైరస్. జబ్బు తేలేదు, కానీ రూపం అదే. కాటులో పడిన కొద్దిపాటి సరుకులా కాకుండా కావలసినంత, ఘంట ఆపే వేషాలేవీ లేకుండా, డెండ్రైటిక్ కణాల చేతికే ఇస్తాం. మీ బాబుకు చర్మంలోకి వేశారు, రెండు చేతులకూ 0.1 మిల్లీలీటర్ చొప్పున, 0, 3, 7, 28 రోజుల లెక్క. కండకు వేసే పద్ధతిలో ప్రతిసారీ ఒక పూర్తి వయల్ పడుతుంది, 0, 3, 7, 14, 28 రోజుల్లో. "ప్రభుత్వాసుపత్రిలో కొంచెం కొంచెం వేసి మిగుల్చుకుంటారు" అని జనం గొణుగుతుంటారు. చర్మంలో లాంగర్‌హాన్స్ చూసిన ఆ కొమ్మల కణాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టే అంత కొంచెం సరిపోతుంది. రెండు చేతులంటే రెండు చంకల్లోనూ గ్రంథులు పనిలోకి దిగుతాయి. 2006లో మన దేశంలో ఈ పద్ధతికి అనుమతి వచ్చాక ఒక్కో వయల్‌తో ఎంతమందికి వేయగలిగామో నాకు తెలుసు. పిరుదుకు మాత్రం ఎప్పుడూ వేయకూడదు. అక్కడి కొవ్వులో పడితే సరిగ్గా అందదు.

పద్నాలుగో రోజుకు దాదాపు అందరిలోనూ రక్తంలో మిల్లీలీటరుకు 0.5 యూనిట్ల కంటే ఎక్కువ యాంటీబాడీలు చేరతాయి. రక్షణకు అది చాలు.

కరిచాక టీకా అన్న ఆలోచన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్‌ది. 1885 జులై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి, జబ్బు పడిన కుందేళ్ళ వెన్నుపామును ఎండబెట్టి చేసిన మందు ఎక్కించాడు, పిల్లవాడు బతికాడు. మన పెద్దవాళ్ళు చెప్పే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల మందు వేరు. అది హిమాచల్‌లోని కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే బ్రిటిష్ వైద్యుడు 1911లో చేసింది, గొర్రె మెదడుతో. మెదడు ముద్దలో వైరస్ ఒక్కటే ఉండదు, నరాల మీది మైలిన్ పొర కూడా ఉంటుంది. గొర్రె మైలిన్‌కూ మన మైలిన్‌కూ పోలిక ఎక్కువ. రెడీమేడ్ కొట్లో ఏరగా మిగిలిపోయిన సైజులున్నాయన్నానే, కొందరిలో అవి మేలుకుని సొంత నరాల మీద పడేవి. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక కౌలురైతును చూశాను. కుక్క కాటు మానిపోయింది, పదో ఇంజెక్షన్ తర్వాత రెండు కాళ్ళూ పడిపోయాయి. కొన్ని నెలలకు కర్ర పట్టుకుని నడిచాడు. 2005 నాటికి ఆ మందును మన దేశంలో పూర్తిగా ఆపేశారు. ఇప్పటివి కణాల్లో పెంచిన టీకాలు, మెదడు ముద్ద ఊసే లేదు, హైదరాబాద్‌లోనే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేస్తోంది. ఆ పాత భయంతో టీకా మానేసేవాళ్ళను మాత్రం నిన్నమొన్నటిదాకా చూశాను.

అలా మానేసినవాళ్ళలో ఒకాయన గురించి చెప్పి ఈ విషయం ముగిస్తాను. కుక్కపిల్ల బొటనవేలు కొరికింది, పిల్లదే కదా అని పసరు తాగి, పత్యం చేసి ఊరుకున్నాడు. నలభై రోజులకు వేలు తిమ్మిరిగా, చీమలు పాకినట్టుందని వచ్చాడు. గ్లాసుతో నీళ్ళిచ్చాం. చెయ్యి గ్లాసు దాకా వెళ్ళింది, గొంతు బిగుసుకుపోయింది. ఆ తర్వాత ఎవరూ చేయగలిగింది ఉండదు. అమెరికాలోని మిల్వాకీలో 2004లో జీనా గీస్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి టీకా లేకుండానే బతికింది కదా అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. నిజమే. ఆమెను మత్తులో ఉంచి వైద్యం చేశారు. కానీ ఆసుపత్రికి వచ్చేసరికే ఆమె ఒంట్లో యాంటీబాడీలున్నాయి. ఆమె శరీరానికి కబురు ఎలాగో ముందే అందింది. ఆ వైద్యం అందుకున్న మిగతా రోగుల్లో దాదాపు అందరూ పోయారు.

ఇక పొడుల సంగతి. ఒంట్లో బలం పెంచితే వైరస్‌ను కొట్టేస్తుందన్న లెక్క ఇక్కడ పనికిరాదని ఈపాటికి అర్థమై ఉంటుంది. పహిల్వాన్‌కైనా కబురు అందకపోతే అంతే. మాంసం, గుడ్లు, వంకాయ, ఏదీ మానక్కర్లేదు. అయితే స్టెరాయిడ్లు, క్యాన్సర్ మందులు వాడేవాళ్ళు, హెచ్ఐవీ ఉన్నవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. అందిన కబురుకు స్పందించే శక్తే వాళ్ళలో తగ్గి ఉండొచ్చు, వాళ్ళకు వైద్యం కాస్త వేరు.

నేర్చుకున్నది శరీరం మరిచిపోదు. నేను ఓపీలో ఉండగా ముందుజాగ్రత్తగా టీకాలు వేసుకున్నాను. ఏళ్ళ తర్వాత మా ఇంటి పిల్లి మణికట్టు కొరికింది. సీరం అక్కర్లేకుండా 0, 3 రోజుల్లో రెండు డోసులతో సరిపోయింది. పాత జ్ఞాపక కణాలకు కబురు గుర్తుచేయడమే, అవి రోజుల్లోనే లేస్తాయి. మీ బాబును కూడా మళ్ళీ ఎప్పుడైనా కుక్క కరిస్తే అంతే. అందుకే ఆ ఆసుపత్రి చీటీని రేషన్ కార్డుతో పాటు దాచండి.

రేపు ఏడో రోజు డోసు, ఆదివారం అని రాశారు. చాలాచోట్ల ఆదివారం కూడా అత్యవసర విభాగంలో వేస్తారు, ఉదయమే ఫోన్ చేసి కనుక్కోండి. కుదరకపోతే సోమవారం తప్పకుండా వేయించండి. ఒకరోజు ఆలస్యమైతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగినచోటి నుంచి కొనసాగిస్తారు. అందరూ ఎగ్గొట్టేది 28వ రోజుది, గాయం మానిపోయి ఉంటుంది కాబట్టి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. కరిచిన కుక్క కనబడకుండా పోయిందన్నారు కాబట్టి పది రోజులు దాన్ని చూసి, దానికి రేబిస్ ఉందో లేదో తేల్చుకునే వీలు కూడా మీకు లేదు.

బిళ్ళను నొక్కకండి, వేడి కాపడాలు పెట్టకండి. రేపటి డోసుకు రెండో చంకలో కూడా కట్టవచ్చు. కొన్ని వారాల్లో దానంతటదే కరుగుతుంది. నెల దాటినా తగ్గకుండా పెరుగుతూంటే, లేక ఎర్రబడి చీము పట్టినట్టుంటే అప్పుడు చూపించండి. పిక్క మీది గాయం వైపు కూడా ఓ కన్నేసి ఉంచండి, గజ్జల్లో బిళ్ళ కడితే గాయం పుండవుతోందేమో చూడాలి. దానికి యాంటీబయాటిక్ కావలసి రావచ్చు.